రూపకము భ్రాంతి యైన విధము: హిట్లరు వాక్కును గూర్చిన విమర్శ

‘ముఖచంద్రుఁడు’ అని కవి పలికినపుడు ముఖము చంద్రుఁడు కాదని కవియు నెఱుఁగును, శ్రోతయు నెఱుఁగును. భేదము తెలిసియుండియు బుద్ధిపూర్వకముగాఁ జేయు నీ యభేదారోపమును ఆలంకారికులు ఆహార్య మనిరి. భేదము తెలియక యొకదానిని వేఱొకటిగాఁ గొనుట భ్రాంతి. త్రాటిని జూచి పామని కేకవేయువాఁ డలంకారమును బ్రయోగించుట లేదు, కఱ్ఱకై వెదకుచున్నాఁడు. ఈ రెంటి నడిమి యెడము శాస్త్రగ్రంథములలో సూక్ష్మవిషయముగానే కానవచ్చును. కాని యిరువదవ శతాబ్దమున జర్మనీదేశమునం దా యెడము చెఱిపివేయఁబడుటచే నేమి సంభవించెనో పరికించినచో, అది సుమా రఱువదిలక్షల యూదుల ప్రాణములతో ముడివడిన విషయమని తెలియఁగలదు.

అడాల్ఫు హిట్లరు 1924వ సంవత్సరమున లాండ్స్‌బర్గు కారాగారమునం దుండి ‘మైన్ కాంఫ్’, అనఁగా ‘నా పోరాటము’, అను గ్రంథమును రచింపఁ బూనెను. ఇందు మొదటి సంపుటము 1925లోను, రెండవది 1926లోను వెలువడినవి. బంధశైథిల్యమును, బునరుక్తియు, నతివిస్తరమును బుటపుటను గానవచ్చును. ఈ దోషములఁ జూపి పరిహసించుటతోడనే పెక్కండ్రు విమర్శకులు తృప్తినొందిరి. 1939లో అమెరికా విమర్శకుఁడు కెన్నెత్ బర్కు ఈ యుపేక్షను గర్హించెను. గ్రంథమును దూషించుటతో విమర్శకుని పని ముగియదనియు, నీ మాంత్రికుఁ డే మం దే పాళ్లఁ గలిపెనో కనుఁగొనిననే యట్టి మందు స్వదేశమునఁ దయారు కాకుండ నడ్డుకొనవచ్చుననియు నతని మతము.

ఆ మందునందలి మొదటి దినుసు ఏకశత్రునిర్మాణము. 1918లోని పరాజయము, 1919లోని వెర్సాయి సంధి, 1923లో మార్కు విలువ పూర్తిగా నశించుట, తరువాతి నిరుద్యోగము, వీనికి వేర్వేఱు కారణములు గలవు. వానిని విడఁదీసి తెలిసికొనుట శ్రమసాధ్యము. హిట్లరు వీని కన్నిటికిని నొకే మూలమును జూపెను. ధనికవర్తకుఁడును, ధనికులఁ గూల్పఁజూచు బోల్షివిక్కును ఒక్క యూదుని రెండుచేతు లనెను. ఇది పరస్పరవిరుద్ధమని తార్కికుఁడు చూపవచ్చును. కాని దుఃఖితుఁడు కోరునది తర్కము కాదు, తన దుఃఖమున కొక పేరు. ప్రచారమును గూర్చిన యధ్యాయమున హిట్లరు తన మార్గమును దాఁచలేదు: విషయములు కొలఁదిగా నుండవలెను, మందబుద్ధికిని దెలియవలెను, కడపటివాని తలకెక్కువఱకు వానినే పలుకవలెను, ప్రతిపక్షమునందలి న్యాయమును లేశమైనను నంగీకరింపరాదు. కావ్యమునఁ బునరుక్తి దోషము. ఇచట నదియే సాధనము.

రెండవ దినుసు వ్యాకరణమునకు సంబంధించినది. 1933లో జర్మనీయందలి యూదులు సుమా రైదులక్షలు, అనఁగా జనసంఖ్యలో నూటి కొకరికంటెఁ దక్కువ. వారిలో వైద్యులు, ఉపాధ్యాయులు, అంగడివారు, మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీకై పోరాడినవారు నుండిరి. హిట్లరు ప్రసంగములలో వీరెవ్వరును గానరారు. ‘యూదుఁడు’ అను జాత్యేకవచన మొక్కటే వినవచ్చును. పొరుగింటి వైద్యుఁడు మంచివాఁడని యెఱిఁగినవాఁడును ఆ యేకవచనమును ద్వేషింపఁ గలఁడు. ఏలన, దానికి ముఖము లేదు. ముఖము లేని యా పదముపైఁ బరాన్నభుక్కు, సూక్ష్మక్రిమి, విషము అను రూపకములు మోపఁబడినవి. జూలియసు స్ట్రైఖరు 1923లో స్థాపించిన ‘డేర్ స్ట్యూర్మర్’ వారపత్రిక వీనిని వీథివీథికిఁ జేర్చెను. 1938లో నతని ప్రచురణాలయము వెలువరించిన బాలల పుస్తకమున యూదుఁడు విషపుఁ బుట్టగొడుగు. 1940నాటి ‘నిత్యయూదుఁడు’ అను చలనచిత్రమున యూదుల వలసలప్రక్క నెలుకల గుంపులు. మనుష్యుఁడు శత్రువైనచో నతనితో సంధి కలదు, విచారణ కలదు, క్షమ కలదు. క్రిమి కివి లేవు. రూపకమును నమ్మినవానికి రూపకమే కర్తవ్యమును నిర్ణయించును.

అయినను వాక్కు మాత్రమే యీ ఘోరమునకుఁ జాలినదా యను ప్రశ్న కలుగును. 1928 ఎన్నికలలో హిట్లరు పక్షమునకు వచ్చిన వోట్లు నూటికి 2.6, 1932 జూలైలో 37.3. ఈ నడుమ మాఱినవి యతని మాటలకంటె వినువారి దినములు. అప్పుడును జర్మనులలో నధికసంఖ్యాకు లతనికి వోటు వేయలేదు. కావున వాక్కే సర్వమును జేసెననుట యతిశయోక్తి. కాని 1933 జనవరి 30న నధికారము చేఁజిక్కిన పిమ్మట వాక్కునకుఁ గొత్తబలము చేకూరెను. మార్చిలో గోబెల్సు అధిపతిగాఁ బ్రచారమంత్రిత్వశాఖ యేర్పడెను. మే 10న గ్రంథములు దహింపఁబడినవి. అక్టోబరులోని శాసనము యూదులను బత్రికావృత్తినుండి వెలివేసెను. చౌకవెల రేడియోలు ఇండ్లఁ జేరినవి. అలంకారము నలంకారముగా నెఱుఁగుటకు ‘కాదు’ అని పలుకఁగల రెండవ గొంతు వలయును. ఆ గొంతు నొక్కివేయఁబడినపు డాహార్యము భ్రాంతిగా మాఱెను. నియంత ప్రచారమునఁ దాను బలుకుట సగము. అన్యులఁ బలుకనీయకుండుట తక్కిన సగము.

1939 జనవరి 30న రైఖ్‌స్టాగు సభలోని ప్రసంగము ప్రత్యేకపరిశీలన కర్హమైనది. అంతర్జాతీయ యూదధనికులు మరల ప్రపంచయుద్ధమును దెచ్చినచో దాని ఫల మైరోపా యూదజాతి వినాశ మగునని హిట్లరు పలికెను. ‘నేను జంపుదును’ అని యందు లేదు. అది శపథము కాదు, భవిష్యద్వాణి. యుద్ధమును దెచ్చువాఁడు యూదుఁడు, ఫలము నిచ్చునది విధి. పలుకువాఁడు ప్రవక్త మాత్రుఁడు. హంత వాక్యమునందుఁ గర్తృస్థానమును విడిచి సాక్షిస్థానమునఁ గూర్చుండెను. పిమ్మట యుద్ధము నారంభించినది తానే. 1941, 1942 సంవత్సరముల ప్రసంగములలో నీ పలుకునే స్మరించుచు, దానిని యుద్ధారంభదినమైన 1939 సెప్టెంబరు 1న బలికినట్లు తేదీ మార్చి చెప్పెను. 1941 సెప్టెంబరు 29, 30 తేదులలోఁ గీవు నగరమునొద్ద బాబియారులో 33,771 మంది యూదులు కాల్చి చంపఁబడిరి; ఆ నవంబరున గోబెల్సు తన వ్యాసమున భవిష్యద్వాణి ఫలించుచున్నదని వ్రాసెను. ఇట్టి వ్రాతను జదివినవారికి హత్య మానవకృత్యముగాఁ గాక నెఱవేఱుచున్న విధిగాఁ గనఁబడును.

ఇచ్చట భాష వేఱొకదారిఁ ద్రొక్కెను. 1942 జనవరి 20న బెర్లినునొద్ద వాన్‌సీలోఁ బదునైదుగు రధికారులు సమావేశమైరి. ఆ సమావేశపు కార్యవివరణపత్రమున ‘తుది పరిష్కారము’, ‘తూర్పునకుఁ దరలింపు’ వంటి సౌమ్యపదములే కానవచ్చును. బాధితుని గూర్చి పలుకునపుడు లాక్షణికార్థము వాచ్యార్థముగాఁ గొనఁబడినది. క్రియను గూర్చి పలుకునపుడు వాచ్యార్థము మాఱుపేరుల చాటున డాఁగినది. మొదటిది ద్వేషించువానికి వలసినది, రెండవది గుమాస్తాకు వలసినది. రైలుపట్టికను వ్రాయువాఁడు ‘తరలింపు’ అని వ్రాసి నిద్రింపఁగలఁడు. ఔష్విట్సులోఁ బ్రయోగింపఁబడిన సైక్లోన్-బి యను విషవాయువు మొదట క్రిములను జంపుటకుఁ జేయఁబడిన వస్తువు. రూపకముగా మొదలైన మాట యచ్చట వస్తురూపమును దాల్చెను.

ఈ భాషావికారమును లోపలనుండి పరిశీలించినవాఁడు విక్టరు క్లెంపెరరు. ఇతఁడు డ్రెస్‌డెనులో రొమాన్సుభాషల యాచార్యుఁడు. యూదకుటుంబమునఁ బుట్టుటచే 1935లో నుద్యోగమునుండి తొలఁగింపఁబడెను, గ్రంథాలయప్రవేశమును గోల్పోయెను, 1941నుండి పసుపుపచ్చ నక్షత్రమును ధరింపవలసివచ్చెను. గ్రంథములు లేని యా పండితునకు వీథిలోని మాటలే గ్రంథమైనవి. దినచర్యలో వ్రాసికొన్న యంశముల నాధారముగాఁ గొని 1947లో నాజీభాషను గూర్చి ‘ఎల్.టి.ఐ.’ యను గ్రంథమును వెలువరించెను. మూఢావేశమును దెలుపుచుఁ బూర్వము నిందార్థకమైన ‘ఫనాటిష్’ అను పదము నాజీభాషలో స్తుతిపదమైన తీరు నతఁడు చూపెను. మహోపన్యాసములకంటె నిట్టి చిన్నమాటలే, సూక్ష్మమాత్రలలోని విషమువలె, తెలియకయే మనస్సునఁ జేరునని యతని సిద్ధాంతము. నాజీలను ద్వేషించువారును, తుదకు యూదులును సైత మీ పదములనే పలుకుచుండిరని గుర్తించుట యా గ్రంథమున మిక్కిలి వ్యథ గూర్చు నంశము.

స్ట్రైఖరు తన చేతులతో నెవ్వరినైనఁ జంపినట్లు న్యూరెంబర్గు న్యాయస్థానము చెప్పలేదు. అతని వాక్కును వ్రాతయు హత్యకుఁ బ్రేరేపణలని నిర్ణయించి మరణశిక్ష విధించెను. 1946 అక్టోబరు 16న నతఁ డురిదీయఁబడెను. 1948నాటి ఐక్యరాజ్యసమితి యొడంబడిక జాతిసంహారమునకు బహిరంగముగాఁ బ్రేరేపించుటయు నపరాధమే యని శాసించెను. కాని న్యాయస్థానపుఁ దీర్పు శవములను లెక్కించిన పిదప వచ్చునది. అంతకుఁ బూర్వము వినఁదగినది విమర్శకుని మాట. ఒక జనసముదాయము ఏకవచనమునఁ బిలువఁబడునపుడు, క్రిమి యనఁబడునపుడు, దాని నాశము భవిష్యద్వాణిగాఁ జెప్పఁబడునపుడు, ‘ఇది రూపకము, ముఖము చంద్రుఁడు కాదు, మనుష్యుఁడు క్రిమి కాఁడు’ అని చెప్పుట యలంకారశాస్త్రమును జదివినవాని మొదటి ధర్మము.