అటక మీది కచేరీలు

ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చే రోజుల్లో, టూ ఇన్ వన్‌లో ఖాళీ క్యాసెట్ పెట్టుకుని సిద్ధంగా కూర్చునే శ్రోతలు మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు కూడా ఉండేవాళ్లు. కచేరీల కోసం మద్రాసు దాకా వెళ్లే స్తోమత లేదు. రేడియోలో వచ్చినదాన్ని పట్టుకుని దాచుకోవడమొక్కటే వాళ్లకున్న దారి. ఆ క్యాసెట్ల పెట్టెలు చాలా ఇళ్లలో ఇప్పటికీ అటకల మీదే ఉన్నాయి. వాటిలో కొన్నింటి మీద పెన్నుతో ‘మాండలిన్’ అని మాత్రమే రాసి ఉంటుంది. ఎవరి మాండలిన్ అని తెలుగునాట ఎవరూ అడగరు.

ఆ మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్‌ది. ఆయన 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఇంట్లో ఉన్న తండ్రి మాండలిన్‌ని చేతికి తీసుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే చెన్నైలో కన్నుమూశారు. ఆయన వాయించిన కచేరీల్లో క్యాసెట్లుగా, సీడీలుగా బయటికి వచ్చినవి కొన్నే. మిగిలినవి రేడియో కేంద్రాల్లో, సభల బీరువాల్లో, రసికుల ఇళ్లలో టేపుల మీద ఉండిపోయాయి. వాటిని బయటికి తేవాలని, సరైన పద్ధతిలో తేవాలని చెప్పడానికే ఈ వ్యాసం. ఎందుకు తేవాలో తెలియాలంటే ముందు ఆ వాద్యం మీద ఆయన చేసిన పని ఏమిటో చూడాలి.

కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఒకచోట కదలకుండా నిలబడితే రాగం పలకదు. తోడి రాగంలో గాంధారాన్ని వినండి. అది రిషభం పక్కనుంచి మధ్యమం దాకా ఊగుతూ ఉంటుంది, ఆ ఊపే గాంధారం. వీణ మీద దీనికి తగిన ఏర్పాటు ఉంది. మైనంలో నాటిన ఎత్తయిన మెట్ల మీద తీగను పక్కకు లాగితే స్వరం సాగుతుంది. పాశ్చాత్య మాండలిన్‌లో ఆ వీలు లేదు. మెట్లు పొట్టివి, మెడ చిన్నది, తీగలు బిగువు. పైగా తీగలు జంటలు జంటలుగా, మొత్తం ఎనిమిది ఉంటాయి. జంటను పక్కకు లాగితే రెండు తీగలూ ఒకేలా సాగవు, శ్రుతి చెదిరిపోతుంది.

ఇంకో చిక్కు నాదం నిలవకపోవడం. మీటిన మరుక్షణమే మాండలిన్ ధ్వని ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్య వాదకులు ఒకే స్వరాన్ని వేగంగా పైకీ కిందికీ మీటుతూ నిలబెడతారు. మన సినిమా పాటల్లో వినిపించే మాండలిన్ గలగల అదే. పాటకు అందంగానే ఉంటుంది గాని, రాగాలాపనకు పనికిరాదు. ప్రతి మీటూ స్వరాన్ని ముక్క చేస్తుంది, ముక్కలైన స్వరంలో గమకం ఇమడదు. ఈ వాద్యం మీద కర్ణాటక సంగీతమా అని మద్రాసు సంప్రదాయవాదులు మొదట్లో సందేహించారంటే తప్పు పట్టలేం.

శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. అయిదో తీగ చేర్చుకున్నారు. బోలు డొక్క ఉన్న వాద్యం బదులు గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. ఇందులో తీగ కదలికను కింద ఉన్న అయస్కాంతపు పికప్ విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయర్‌కి అందిస్తుంది. రాక్ గిటారులో ఉండే ఏర్పాటే. దానివల్ల ఒక్క మీటుకు పుట్టిన నాదం చాలాసేపు నిలుస్తుంది. ఆ నిలిచిన నాదం మీద ఎడమచేతి వేలు తీగ వెంట జారుతుంది, అవసరమైన చోట తీగను నొక్కి లాగుతుంది. కుడిచేయి ఒకసారి మీటితే ఎడమచేయి నాలుగైదు స్వరాలు పలికించేస్తుంది. ఆయన ఆలాపన వినేటప్పుడు వచ్చిన స్వరాలు కాక, మీటులు ఎన్నో లెక్కపెట్టి చూడండి. విలంబంలో అవి ఆశ్చర్యపోయేంత తక్కువ.

ఈ తీరు వాద్యంలో చేసిన మార్పుల వల్లే వచ్చింది కాదు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. పాడి వినిపించేవారు, పిల్లవాడు విన్నదాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేకపోవడం వల్లే ఆ చేతికి గాత్రం అలవాటైందని నా నమ్మకం. శ్రీనివాస్ వేగాన్ని అందరూ పొగుడుతారు. ఆ వేగం నిజమే, కల్పనస్వరాల్లో అది మెరుపే. కానీ అంతకన్నా గొప్పది ఆయన నిదానం. ఆరిపోయే స్వభావమున్న వాద్యాన్ని పట్టుకుని అంత తీరిగ్గా రాగం పాడించినవారు ఆయనకు ముందు లేరు.

ఇక విడుదల కాని కచేరీల సంగతి. అప్పటికప్పుడు కల్పించి వాయించే మనోధర్మం పలక మీది రాత లాంటిది. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరాలకు వేరే వివరించనక్కర్లేదు: రాసింది తుడిచేస్తేనే తర్వాతది రాయగలం. నిన్నటి కల్యాణి ఈనాడు ఉండదు. కృతి త్యాగరాజుది, దీక్షితులది అయినా ఆలాపన, నెరవు, కల్పనస్వరం ఆ రాత్రికే పుట్టినవి. స్టూడియోలో చేసిన క్యాసెట్‌లో వీటికి చోటు తక్కువ. సి-60 క్యాసెట్లో ఒక్కో వైపు అరగంటే పడుతుంది. రెండున్నర మూడు గంటలు సాగే కచేరీని దానిలోకి కుదిస్తే మొదట తెగేది ఆలాపన, తర్వాత మృదంగం, ఘటం వాయించే తని ఆవర్తనం. కాబట్టి బయటికి రాని టేపులను అమ్ముడుపోని సరుకుగా చూడకూడదు. ఆయన సంగీతం పూర్తి నిడివితో ఉన్నది వాటిలోనే.

రాక్ సంగీతంలో ఈ సమస్య ముందే వచ్చింది. అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1970 సెప్టెంబరు 18న, ఇరవై ఏడేళ్లకే లండన్‌లో చనిపోయారు. బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే. స్టూడియోల్లో మిగిలిన టేపులు మాత్రం కుప్పలు. 1975లో వచ్చిన ‘క్రాష్ లాండింగ్’ కోసం నిర్మాత అలన్ డగ్లస్, హెండ్రిక్స్‌తో కలిసి వాయించినవారి భాగాలు తీసేసి వేరే వాద్యగాళ్లతో కొత్తగా వాయింపించారు. హెండ్రిక్స్ ఎన్నడూ కలవని మనుషులు ఆయన పక్కన వాయిస్తున్నట్టు తయారైంది. నా దృష్టిలో అది అపచారం. 1995లో హక్కులు కుటుంబానికి వచ్చాక, ఆయనతో పనిచేసిన ఇంజనీరు ఎడీ క్రేమర్ సాయంతో అసలు టేపులకు వెళ్లారు. 1997లో ‘ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్’ అలా వెలువడింది. ఇరవై ఏళ్లు పట్టినా దారి సరిచేసుకున్నారు.

మనం ఆ తప్పు చేయకుండానే మొదలుపెట్టవచ్చు. శ్రీనివాస్ కచేరీ ఆల్బమ్ వేస్తే వర్ణం నుంచి మంగళం దాకా ఉండాలి. తని ఆవర్తనం కోయకూడదు, ఎందుకంటే పక్కన కూర్చున్న మృదంగ విద్వాంసుడికి కూడా ఆ రాత్రి మళ్లీ రాదు. వయొలిన్, మృదంగం, ఘటం వాయించినవారి పేర్లు ప్రధాన కళాకారుడి పేరుతో పాటు అట్ట మీద కనిపించాలి. టేపులోని గుసగుసను కంప్యూటర్లో మరీ తుడిచేస్తే మీటు మొదట్లో ఉండే చురుకు పోతుంది, తంబురా నాదం కూడా పలచబడుతుంది. కాస్త గుసగుస ఉన్నా భరించవచ్చు, జీవం పోతే తిరిగి రాదు.

శ్రుతి విషయం ఇంకా సున్నితం. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. పాత టూ ఇన్ వన్‌లో బెల్టు సడలినా, బ్యాటరీలు నీరసించినా ఆ వేగం మారిపోయి, రికార్డయిన కచేరీ అరస్వరం పైకో కిందికో జరుగుతుంది. దాన్ని సరిచేయగలిగినవాడు ఆయన శ్రుతి ఎరిగిన సంగీతజ్ఞుడే, ఒక్క సౌండ్ ఇంజనీరు వల్ల కాదు. టేపు చదివే హెడ్డు కోణాన్ని కూడా ఒక్కో క్యాసెట్‌కు విడిగా, చిన్న మర తిప్పి సరిచూసుకోవాలి. లేకపోతే పై స్థాయి స్వరాలన్నీ మందగిస్తాయి.

శ్రీనివాస్ పోయాక కూడా ఆయన బాణీ ప్రపంచం తిరుగుతూనే ఉంది. ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో శ్రీనివాస్ కొన్నేళ్లు వాయించారు. 2001లో వచ్చిన వాళ్ల ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ ఆల్బమ్‌లో బంగాళ రాగంలోని త్యాగరాజ కృతి ‘గిరిరాజసుతా’ ఉంది. 2023లో శక్తి బృందం ‘దిస్ మూమెంట్’ వెలువరిస్తే దాని మొదటి పాట పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. ‘గిరిరాజసుతా’ అందులోనూ ఉంది. ఆ ఆల్బమ్‌కు 2024 ఫిబ్రవరిలో లాస్ ఏంజలెస్‌లో గ్రామీ అవార్డు వచ్చింది. లాస్ ఏంజలెస్‌ దాకా వెళ్లిన త్యాగరాజ కృతిని పాలకొల్లు పిల్లవాడు పూర్తి కచేరీలో ఎలా వాయించాడో మన పిల్లలకు వినిపించకపోతే ఎలా?

ఆకాశవాణి తన భాండాగారం నుంచి దివంగత విద్వాంసుల కచేరీలను సీడీలుగా విడుదల చేసింది. కనుక దారి కొత్తది కాదు. అయితే మన దగ్గర టేపు ఉంది కదా అని మనమే బజారులో పెట్టడం కుదరదు. మన చట్టం ప్రకారం ప్రదర్శకుడి హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. అందులో పక్కవాద్యాలవారికీ భాగం ఉంది. నకలు తీసి కుటుంబానికో, ఏదైనా సంగీత భాండాగారానికో అందజేయడం సరైన పని.

మార్కాపురం వైపు ఎండలు క్యాసెట్లకు మంచివి కావు. రేకుల కప్పు కింద అటకైతే మరీ కష్టం. సి-90 టేపు మందం మిల్లీమీటరులో నూరో వంతు కంటే కొంచెమే ఎక్కువ, వేడికి సాగితే మళ్లీ సరికాదు. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే ఈ వారమే కిందికి దించండి. నీడపట్టున ఉంచండి. పాత ప్లేయర్లో పెట్టి పరీక్షించకండి, టేపు చుట్టుకుపోతే కచేరీ పోయినట్టే. క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకుల్ని విరిచేయండి, తర్వాత ఎవరు రికార్డు బటన్ నొక్కినా చెరగదు. ఆ కచేరీ ఎప్పటిదో, ఏ స్టేషన్ నుంచి వచ్చిందో, పక్కవాద్యాలు ఎవరివో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పగలిగి ఉండగానే అట్ట మీద రాసిపెట్టండి.