అరికాలి మీద ఒక గీత

నరాల జబ్బు అనగానే ఇవాళ స్కానింగ్ రాయించుకోవడానికి పరుగెడతాం. తమాషా ఏమిటంటే, ఈ వైద్యశాఖకు గట్టి పునాదులు పడ్డది తల లోపల ఏముందో చూపించే యంత్రమేదీ లేని రోజుల్లో, 1860 నుంచి 1900 దాకా. రోగి మెదడుకు మొదటి సీటీ స్కాన్ తీసింది 1971లో. మరి ఆ నలభై ఏళ్లలో డాక్టర్ల చేతిలో ఉన్నదేమిటి? సమయం. పారిస్‌లో ఒకప్పటి తుపాకిమందు కార్ఖానా సాల్పేత్రియేర్ పేద స్త్రీల ఆశ్రయంగా మారి, వేల మందితో కిక్కిరిసి ఉండేది. 1862లో అక్కడ వైద్యుడిగా చేరిన శార్కో ఒక్కో రోగిని ఏళ్ల తరబడి గమనించాడు. ఆమె చనిపోయాక మెదడును, వెన్నుపామును కోసి చూసి, బతికుండగా రాసుకున్న లక్షణాలతో పోల్చాడు. ఊరికే కూర్చున్నా చెయ్యి వణికితే ఒక జబ్బు, గ్లాసు అందుకోబోతేనే వణికితే మరొకటి. పార్కిన్సన్ జబ్బునూ మల్టిపుల్ స్క్లెరోసిస్‌నూ విడదీసింది ఇంత చిన్న తేడా. కండరాలు కరిగిపోయే ఏఎల్ఎస్‌ను 1869లో ఆయన వివరించిందీ ఈ దారిలోనే.

పేరు పెట్టారు సరే, నయం చేశారా అని అడగొచ్చు. చాలావరకు లేదు. పార్కిన్సన్ వణుకుకు బెల్లడోనా జాతి మందులిచ్చేవారు, ఉపశమనం అంతంతమాత్రం. కానీ రెండు జబ్బులను ఒకటే అనుకున్నంతకాలం ఏ మందు దేనికి పనిచేస్తుందో తేల్చడం ఎలా? 1960లలో పార్కిన్సన్‌కు లెవోడోపా అనే మందు వచ్చేసరికి అది ఎవరికివ్వాలో తెలిసి ఉందంటే, ఆ పాత విభజన పుణ్యమే. ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది: ఆ స్త్రీలలో చాలామందికి వెళ్లడానికి మరో చోటు లేదు. అంతకాలం గమనించగలిగారంటే వాళ్ల నిస్సహాయత వల్లే. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా.

ఇక హిస్టీరియా విషయంలో శార్కో ఘోరంగా పొరబడ్డాడు కదా అంటే, నిజమే. నిండు సభలో రోగులను హిప్నటైజ్ చేసి చూపించాడు. వాళ్లు తను కోరుకున్నదే చేసి చూపిస్తున్నారని గ్రహించలేదు. అయితే ఆ తప్పును దిద్దడానికి దారి చూపింది ఆయన శిష్యుడు బాబిన్‌స్కీయే. అరికాలి అంచున మొద్దుమొనతో గీస్తే పెద్దవాళ్లలో బొటనవేలు మామూలుగా కిందికి వంగుతుంది. మెదడు నుంచి దిగే కదలిక నరాల దారి దెబ్బతింటే పైకి లేస్తుంది. బాబిన్‌స్కీ 1896లో దీన్ని ముప్పై పంక్తులైనా లేని చిన్న నోట్‌లో ప్రకటించాడు. ఆ దారి దెబ్బతినని హిస్టీరియా పక్షవాతంలో ఆ వేలు లేవదు. వేలిని అలా లేపి నటించడం రోగికీ అంత తేలిక కాదు, డాక్టరు నోటిమాటతో లేపించడమూ కుదరదు.