ఈ ఫోటో ఎవరి ఆల్బమ్‌లోకి?

షాదీ గదీరియాన్ ‘ఖజార్’ ఫోటోలు చూస్తున్నంతసేపూ నాకు మా సికింద్రాబాదే గుర్తొస్తూ వుంది. ఇరాన్ ఎక్కడ, సికింద్రాబాద్ ఎక్కడ అనకండి, కారణం వుంది.

గదీరియాన్ 1974లో టెహరాన్‌లో పుట్టింది. 1998లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఈ సిరీస్ మొదలుపెట్టింది. వెనక రంగులు వేసిన స్టూడియో తెర. ముందు పందొమ్మిదో శతాబ్దపు ఖజార్ రాజుల కాలంనాటి దుస్తుల్లో ఆడవాళ్లు. అంతా పాత ఫోటోలాగే వుంటుంది, ఒకామె చేతిలో పెప్సీ డబ్బా కనపడేదాకా. ఇంకొకామె భుజాన పెద్ద టేప్‌రికార్డర్ ఎత్తుకుంది. ఒకామె దగ్గర వాక్యూమ్ క్లీనర్, ఒకామె పక్కన సైకిల్. ఫోటోల్లో వున్నది షాదీ స్నేహితురాళ్లూ బంధువులే. చూడగానే నవ్వొస్తుంది. కాసేపటికి వాళ్ల చూపు మనల్ని పట్టుకుంటుంది. నవ్వరు, సిగ్గుపడరు, తల వంచరు. సూటిగా మనవైపే చూస్తుంటారు.

ఖజార్ వంశపు నాసిరుద్దీన్ షాకి (పాలన 1848-1896) ఫోటోగ్రఫీ అంటే పిచ్చి. అంతఃపురంలో తన భార్యల ఫోటోలు తనే తీసేవాడు. పరపురుషుడి కంట పడకూడని ఆడవాళ్లని బొమ్మలుగా మార్చి దాచుకునే హక్కు అతనొక్కడిది. ఇంచుమించు ఆ రోజుల్లోనే మన దగ్గర రాజా దీన్‌దయాళ్ వున్నాడు. 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడిపే పని కెనీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడకి అప్పగించాడు. కెమెరా వెనక ఆడమనిషి నిలబడింది, బాగానే వుంది. కానీ తీసిన ఫోటో ఎవరి ఆల్బమ్‌లోకి వెళ్లింది?

ఇది పందొమ్మిదో శతాబ్దంతో పోయిన ప్రశ్న కాదు. నా తరం వాళ్లందరికీ పెళ్లిచూపుల ఫోటో తెలుసు. తోట బొమ్మ వేసిన తెర, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ, “గడ్డం కొంచెం కిందికమ్మా” అనే ఫోటోగ్రాఫర్, ఫోటోగ్రాఫర్ పక్కనే నిలబడి కొంగు సర్దమని సైగలు చేసే అమ్మ. నాది నాలుగు కాపీలు తీయించారు. ఒక్కటీ నా దగ్గర లేదు. అవి నాకోసం తీసినవి కావుగా!

అందుకే గదీరియాన్ చేసిన పని ఎంత తెలివైనదో మనకి వెంటనే అర్థమవుతుంది. అదే తెర, అదే భంగిమ. తీసేదీ దిగేదీ మాత్రం ఆడవాళ్లే. పక్కన పూలకుండీ బదులు, రోజూ వాడుకునే వస్తువూ, వాడుకోవాలనుకునే వస్తువూ.

ఈ ఫోటోల్ని నేను చూసింది గోడ మీద కాదు, పుస్తకంలో. 2013లో బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ‘షీ హూ టెల్స్ ఎ స్టోరీ’ అనే ప్రదర్శన జరిగింది. ఇరాన్, అరబ్ దేశాలకి చెందిన పన్నెండుమంది స్త్రీల ఫోటోలు. క్యూరేటర్ క్రిస్టెన్ గ్రెష్. అక్కడుండే స్నేహితురాలు ఆ కేటలాగు తెచ్చిపెట్టింది. అక్కడి స్త్రీల గురించి పాశ్చాత్య ప్రపంచానికున్న మూస అభిప్రాయాల్ని ఆ స్త్రీలు తీసిన ఫోటోలతోనే బద్దలు కొట్టాలన్నది ప్రదర్శన ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే ఇరాన్ నుంచి మొరాకో దాకా ఇన్ని దేశాల్ని, ఇన్ని భాషల్ని ఒక్క గదిలోకి తెచ్చిన దారం ఏమిటి? మన తెలంగాణ, తమిళనాడు, నేపాల్, శ్రీలంక ఆడవాళ్ల ఫోటోలన్నీ ఎవరో పోగేసి ‘చీర చెప్పిన కథలు’ అంటే మనం ఊరుకుంటామా? బోస్టన్ వాళ్లు ఆ పేరు పెట్టలేదు, నిజమే. కానీ ఒక మూసని పగలగొట్టి చూపించాలంటే ముందు దాన్ని గోడకి ఎక్కించాల్సి వస్తుంది. ముసుగు గురించి కాదు అని చెప్పడానికి కూడా ముసుగుతోనే మొదలుపెట్టాలి. అంతకు ఏడేళ్ల ముందే, 2006లో, న్యూయార్క్ మోమాలో ఫెరెష్తే దఫ్తరి ‘వితవుట్ బౌండరీ’ ప్రదర్శన పెట్టి, ఇలాంటి కళాకారుల పనికి ‘ఇస్లామిక్’ అనే ముద్ర ఎంతవరకు సరిపోతుందని అడిగింది. ప్రశ్న అక్కడే ఆగిపోయినట్టుంది.

ముసుగుకి చరిత్ర లేదన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ మూడు సంవత్సరాలు గుర్తుపెట్టుకోవాలి. 1936లో రెజా షా ముసుగుని నిషేధించాడు. పోలీసులు వీధుల్లో లాగిపారేశారు. ఎందరో ఆడవాళ్లు ఇల్లు కదలడమే మానేశారు. 1979 మార్చి 8న, విప్లవం గెలిచి నెల తిరక్కుండానే, ముసుగు తప్పనిసరి చేయొద్దంటూ టెహరాన్ వీధుల్లోకి వేలమంది స్త్రీలు వచ్చారు. హెంగామె గోలెస్తాన్ ఆ రోజు తీసిన ఫోటోలు ఇప్పటికీ మనముందు వున్నాయి. 1983లో అది చట్టమైంది. తీయమన్నదీ వేయమన్నదీ ప్రభుత్వమే. రెండుసార్లూ ఆడవాళ్లని అడగలేదు.

ఇక షిరీన్ నెషాత్. ఈ తరహా ప్రదర్శనలన్నిటిలో ముందు వినపడే పేరు ఆమెదే. 1957లో కజ్విన్‌లో పుట్టి, టీనేజిలోనే చదువుకోసం అమెరికా వెళ్లింది. విప్లవం తర్వాత 1990లో తొలిసారి ఇరాన్ వచ్చి, చూసిన మార్పుకి నిర్ఘాంతపోయి ‘విమెన్ ఆఫ్ అల్లా’ (1993-97) చేసింది. నల్లటి చాదర్, తుపాకీ, ముఖం మీదా చేతుల మీదా పాదాల మీదా సిరాతో రాసిన పారసీ అక్షరాలు. మరిచిపోలేని బొమ్మలు. నన్ను ఇబ్బంది పెట్టేవీ ఇవే.

ఆ అక్షరాల సంగతి చూడండి. పారసీ రాని ప్రేక్షకురాలికి అవి గోరింటాకు డిజైన్లాంటివి, వంకీల అలంకారం. నిజానికి అవి కవితలు. కొన్నిటి మీద వున్నవి ఫరూగ్ ఫరుఖ్‌జాద్ కవితలు. తన కోరికని తన పేరుతో రాసినందుకు నిందలు మోసి, 1967లో ముప్పై రెండేళ్లకే కారు ప్రమాదంలో పోయిన ఫరూగ్. మరికొన్నిటి మీద తాహెరె సఫర్‌జాదే కవితలు. ‘అలీజియన్స్ విత్ వేక్‌ఫుల్‌నెస్’ (1994) ఫోటోలో పాదాల మీదున్నది ఆమె కవితే. సఫర్‌జాదే మతవిశ్వాసంతో విప్లవాన్ని సమర్థించిన కవి. అంటే ఆ గదిలో ఇద్దరు కవయిత్రులు వాదించుకుంటున్నారు. గోడ ముందు నిలబడ్డ సందర్శకులకి వినపడేది మాత్రం నిశ్శబ్దం. ‘నోరులేని ముస్లిం స్త్రీ’ అని నిట్టూర్చి ముందుకెళతారు.

మనం కూడా ఆ లిపి చదవలేం. అయినా మన స్థితి బోస్టన్ వాళ్ల స్థితి కాదు. 1880ల దాకా నిజాం దఫ్తర్లలో రాతకోతలు పారసీలోనే సాగాయి. దస్తావేజు, దరఖాస్తు, కాగితం, బజారు, దర్జీ... ఇవన్నీ మనకి అటునుంచి వచ్చి సొంతమైన మాటలే. చేర్యాల పటాలు వేసేవాళ్లని నకాషీలంటాం. ఇరాన్‌లో బొమ్మలు వేసే కళనే నక్కాషీ అంటారు. పరదా అన్న మాట సరేసరి. మనకది కిటికీ తెర, సినిమా తెర, ఆడవాళ్ల ముందు వేలాడే తెర కూడా. ఇరాన్‌లో వాళ్ల కథకులు వీధిలో వేలాడదీసి కథ చెప్పే పెద్ద చిత్రపటం కూడా పరదాయే. ఇంతమాత్రాన ఇరాన్ మనకి తెలిసిపోయిందని కాదు. ఆ అక్షరాల్ని అలంకారంగా చూసి ఊరుకునే హక్కు మాత్రం మనకి లేదంటాను.

2022 వచ్చేసరికి ఈ చర్చ మ్యూజియం దాటి వచ్చేసింది. ఆ మార్చి 15న కర్ణాటక హైకోర్టు కాలేజీల్లో హిజాబ్ నిషేధాన్ని సమర్థించింది. సెప్టెంబర్ 16న టెహరాన్‌లో నైతిక పోలీసులు పట్టుకెళ్లిన ఇరవై రెండేళ్ల మహ్సా అమీనీ చనిపోయింది. అక్టోబర్ 13న హిజాబ్ కేసులో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పూ ఇచ్చారు. ఆ అక్టోబర్‌లోనే లండన్ పికడిల్లీ సర్కస్‌లోని పెద్ద డిజిటల్ తెర మీద నెషాత్ పాత ఫోటోలు ‘విమెన్, లైఫ్, ఫ్రీడమ్’ నినాదంతో వెలిగాయి. టెహరాన్‌లో తీసి మంటల్లో వేస్తున్న గుడ్డ కోసమే ఉడుపిలో ఆడపిల్లలు కాలేజీ గేటు బయట నిలబడ్డారు. ఈ రెంటినీ కలిపి చూడలేనివాళ్లకి నెషాత్ ఫోటో ఒక్కటే అర్థం చెబుతుంది. ఆ ఫోటోనే రేపు ఇక్కడ, మన నగరంలో ఒక గోడకి తగిలిస్తే? ముసుగు చూడగానే గేటు వేసేవాళ్ల చేతికి అది సాక్ష్యంగా అందదా?

షాజహానా ‘నఖాబ్’ 2005లోనే వచ్చింది. ఇంట్లో మగవాడితోనూ, బయట తనని అనుమానంగా చూసే లోకంతోనూ ఒకేసారి పోరాడాల్సిన స్త్రీ గొంతు తెలుగులో మనకి అప్పటికే వుంది. ఇరాన్ ఎగ్జిబిషన్ల గురించి రాసే ఏ క్యూరేటర్ వ్యాసం కంటే నాకు ఆ కవిత్వమే ఎక్కువ పనికొచ్చింది.

అందుకే మళ్లీ గదీరియాన్ దగ్గరికే వస్తాను. పెళ్లయ్యాక ఆమె చేసిన సిరీస్ పేరు ‘లైక్ ఎవ్రీడే’ (2000-01). పూలపూల చాదర్లు కప్పుకున్న ఆకారాలు. ముఖం వుండాల్సిన చోట ఇస్త్రీపెట్టె, చీపురు, టీకప్పు, చిల్లుల గిన్నె, రబ్బరు గ్లవ్. అంతే. ఇందులో నల్లరంగు లేదు, తుపాకీ లేదు, భయం లేదు. చాదర్ ఇక్కడ ముఖాన్ని దాచలేదు, ముఖాన్ని మింగింది వంటిల్లు. ఈ ఫోటోలు నా ఎం.ఏ. విద్యార్థినులకి చూపించినప్పుడు ఇరాన్ గురించి ఒక్కరూ అడగలేదు. “మేడమ్, మా అత్తగారింట్లో నా ఫోటో ఇదే” అంది పెళ్లయి రెండో ఏడు నడుస్తున్న అమ్మాయి చీపురు వైపు చూపించి. బురఖాలో వచ్చే ఇంకో అమ్మాయి, “నాకైతే ఇస్త్రీపెట్టె” అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. తర్వాత చాలాసేపు మాట్లాడారు. నెషాత్ ఫోటో ముందు వీళ్లిద్దరూ చెరో పక్కకీ వెళ్లిపోయేవారేమో.

నెషాత్‌ని తీసిపారేయలేను. ‘టర్బులెంట్’ (1998) వీడియోలో ఎదురెదురుగా రెండు తెరలు. ఒకదాని మీద మగవాడు నిండు సభలో రూమీ కవిత పాడతాడు. రెండోదాని మీద ఖాళీ కుర్చీల ముందు స్త్రీ పాడుతుంది, మాటల్లేకుండా, గొంతుతోనే. మగవాళ్లున్న సభలో ఆడది ఒంటరిగా పాడకూడదన్న నిషేధానికి అది జవాబు. మరుసటేడు వెనిస్ బినాలేలో ఆమెకి గోల్డెన్ లయన్ వచ్చింది. దానికి పదేళ్లు దాటాక టెహరాన్‌లోనే వుంటున్న ఫోటో జర్నలిస్టు న్యూషా తవకోలియాన్, 2009 ఎన్నికల తర్వాత పత్రికలకి పనిచేయడం కష్టమైన రోజుల్లో, ఆ నిషేధం మీదే ‘లిజన్’ చేసింది. ఆరుగురు గాయనులు, మెరుపుల తెర ముందు, కళ్లు మూసుకుని పాడుతుంటారు. వీడియో వుంది, శబ్దం లేదు. వాళ్లకి ఎప్పటికీ రాని ఆల్బమ్‌లకి కవర్లు కూడా చేసింది. పెట్టె వుంది, లోపల సీడీ లేదు. టెహరాన్‌లో ఆ బొమ్మల ముందు నిలబడ్డవాళ్లలో కొందరు ఆ గొంతుల్ని ఏ పెళ్లింట్లోనో, తలుపులు వేసుకున్న గదిలోనో వినే వుంటారు. పెదవుల కదలికని బట్టి పాట ఏదో పోల్చుకునీ వుంటారు.