కూలిన హెలికాప్టర్‌ను మళ్లీ లేపే పని

రిమోట్‌తో ఎగిరే చిన్న హెలికాప్టర్ కూలితే ముందు కంటబడేవి ముక్కలైన రెక్కలు. వాటిని మార్చడం తేలిక. చేయి తిరిగినవాళ్లు వెతికేది కంటికి ఆనని వంపును.

మొదట బ్యాటరీ తీసేయాలి. లిథియం పాలిమర్ బ్యాటరీ నొక్కుకుపోయినా, ఉబ్బినా మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు. దెబ్బ తగిలిన కాసేపటికైనా అది అంటుకోవచ్చు. ఇంటికి దూరంగా ఇసుక బకెట్‌లో ఉంచడమే క్షేమం.

కల్వకుర్తి చుట్టుపక్కల చెల్కల్లో పడితే సన్నటి ఎర్రమట్టి బేరింగుల్లోకి దూరుతుంది. ఒక్కో బేరింగును వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా తిప్పి చూడాలి. గరుకు తగిలితే అది ఇక పనికిరాదు. బోరు మోటార్లు బాగుచేసే మన మెకానిక్కులకు ఈ పట్టు కొత్తేమీ కాదు.

అసలు పరీక్ష షాఫ్టులకు. మెయిన్ షాఫ్టును, రెక్కల పట్లను కలిపి ఉంచే ఫెదరింగ్ షాఫ్టును విప్పి అద్దం పలక మీద దొర్లిస్తారు. తిన్నగా ఉంటే సాఫీగా దొర్లుతుంది. వంగి ఉంటే తడబడుతుంది, కింద సన్నటి వెలుతురు సందు కనబడి మాయమవుతుంటుంది. దాన్ని సుత్తితో సరిచేసి వాడుకోవడం పొదుపు కాదు, ప్రమాదం. మోడలిస్టులు 450 అని పిలిచే సైజులో రెక్కలు గీసే వలయం దాదాపు 70 సెంటీమీటర్ల అడ్డుకొలత. నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే రెక్క కొన గంటకు 330 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పదుల కిలోల బలంతో బయటికి లాగే ఆ రెక్కల భారాన్ని ఒకసారి వంగిన లోహం మీద పెట్టకూడదు.

ప్లాస్టిక్ మెయిన్ గేరు పళ్లు ఊడితే మోటారుకు తగలాల్సిన దెబ్బ చాలావరకు అదే తిన్నదన్నమాట. కొత్తది బిగించేటప్పుడు మోటారు పళ్లచక్రానికీ దానికీ మధ్య కాగితం ముక్క పెట్టి, బిగించాక లాగేస్తారు. ఆ పాటి సందు చాలు. లోహంలోకి దిగే మరలకు లాకింగ్ జిగురు రాయాలి. ప్లాస్టిక్‌లోకి దిగేవాటికి వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగిలిపోతాయి.

చివరగా రెండు రెక్కల కొనలకు రెండు రంగుల టేపు అంటించి, దూరంగా నిలబడి తిప్పి చూస్తారు. రంగులు ఒకే గీతలో కలవకపోతే రెక్క వాలును మార్చే లింకును అరచుట్టు తిప్పి మళ్లీ చూడాలి. ఈ ఓపిక లేకపోతే వణుకు తోకను నిలకడగా ఉంచే గైరోను తప్పుదారి పట్టిస్తుంది, తోక అదుపు తప్పుతుంది.

1970 ప్రాంతంలో జర్మన్ ఇంజనీరు డీటర్ ష్లూటర్ అదుపులో ఎగరేసి చూపిన ఈ సరదా యంత్రం పొలానికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. జపాన్‌లో యమహా 1987లో 20 కిలోల బరువు మోసే ఆర్-50 హెలికాప్టర్‌ను పంటలకు మందు చల్లడానికి తెచ్చింది. మన దగ్గర ఆ పని డ్రోన్లకు వచ్చింది. 15,000 మహిళా సంఘాలకు వాటిని ఇవ్వాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. పైలట్‌తో పాటు రిపేరు పని మీద ఆసక్తి ఉన్న మరొకరికీ సహాయకులుగా శిక్షణ ఇవ్వాలన్నది ఆ పథకంలో ఉంది. పత్తి పండించే కల్వకుర్తికి ఆ రెండో మనిషి పైలట్‌కు ఏమాత్రం తీసిపోని అవసరం. డ్రోనుకు ఇన్ని లింకులుండవు. అయినా మోటారు షాఫ్టు, బేరింగు, రెక్కల తూకం, ఉబ్బే బ్యాటరీ దానికీ ఉన్నాయి. వాటిని చూడాల్సిన తీరూ ఇదే.