ఏమీ జరగని ఏడాది

"ఈ ఏడు ఏం ఖరాబు కాలే కదా, మరి ఏఎంసీ పైసలెందుకు?"

హనుమకొండలో నేను లెక్కలు రాసే పైపుల దుకాణంలో ప్రతి మార్చిలో సేటు అడిగే ప్రశ్న ఇది. ఏఎంసీ అంటే బిల్లింగ్ ప్రోగ్రాం బాగోగులు చూసినందుకు ఏటా ఇచ్చే డబ్బు. చాలా ఏళ్లు నేనూ తలూపాను. కంటికి కనిపించని పనికి డబ్బు రాయాలంటే లెక్కల మనిషికి చెయ్యి ఆడదు.

ఆ దుకాణం బిల్లింగ్ ప్రోగ్రాంను 2006లో ఇంజినీరింగ్ చివరి ఏడాది కుర్రాడొకడు విజువల్ బేసిక్‌లో రాసిచ్చాడు. 18 వేలు తీసుకున్నాడు. మా మాటల్లోనే రాశాడు. బాకీల పేజీకి 'ఉద్దెర' అని పేరు పెట్టాడు. ఏ ఊరి రైతు ఎంత బాకీ, ఏ బోరు మేస్త్రీ పూచీ మీద ఇచ్చాం, అన్నీ అందులో కనపడేవి. బజార్లో దొరికే ప్యాకేజీల్లో మాకు అలాంటి పేజీ దొరకలేదు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. మా బిల్లులో వ్యాట్‌కు ఒక్కటే గడి. ఇప్పుడు పన్నును సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండుగా చూపాలి. కుర్రాడు అప్పటికే బెంగళూరు వెళ్లిపోయాడు. ఇంకొకరిని పిలిపించాం. అతను కాసేపు చూసి, "సోర్స్ కోడ్ ఏది సార్?" అన్నాడు.

"అదేంది తమ్మీ? ప్రోగ్రాం నీ ముంగటనే ఉన్నది కదా!" అన్నాడు సేటు.

మా దగ్గర నడిచే ఫైలుంది గానీ, దాన్ని మార్చడానికి కావాల్సిన రాత లేదు. పదకొండు రోజులు చేత్తో బిల్లులు రాశాం. చివరికి ఆ కుర్రాడే ఓ శనివారం రైల్లో వచ్చాడు. తన పాత పని చూసుకుని తనే నవ్వుకున్నాడు. పన్ను శాతాలను విడిగా పట్టికలో పెట్టకుండా కోడ్ లోపలే రాసేశాడట. చిరునామా కూడా అంతే. 2016 అక్టోబరులో మా జిల్లా వరంగల్ అర్బన్ అయినా, బిల్లు మాత్రం పాత వరంగల్ జిల్లాలోనే ఉండిపోయింది.

లెక్కల్లో ఇంకో వింత ఉంది. ఆదాయపు పన్ను కోసం సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌తో కలిపి ఆస్తిగా చూపి, ఏటా తరుగు రాస్తాం. అప్పట్లో అది 60 శాతం, ఇప్పుడు 40. ఆ లెక్కన జీఎస్టీ వచ్చేనాటికి మా పుస్తకంలో ఆ ప్రోగ్రాం విలువ రూపాయి కూడా లేదు. రూపాయి చేయని ఆ వస్తువే దుకాణాన్ని పదకొండు రోజులు చేతిరాతకు దించింది.

సొంత ప్రోగ్రాం లేకపోతే ఈ బాధే ఉండదు కదా అనొచ్చు. 2022లో కేంద్రం 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చే పథకానికి ఆమోదం తెలిపింది. వాటికి ఆ దారి మంచిదే. కానీ అందరి కొలతకూ కుట్టిన దాంట్లో మా ఉద్దెర పేజీ ఇమడదు. అది కావాలంటే బయటి మనిషి కావాలి. ఆ మనిషికి కూలి ఎప్పుడు, దేనికి ఇస్తున్నామన్నదే తేల్చుకోవాలి.

చెరువుల జిల్లాలో ఈ లెక్క తెలియనిది కాదు. గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువు ఇంకా నీళ్లిస్తోంది. చెరువు తవ్వించి ఊరుకుంటే సరిపోదని ఆనాడే తెలుసు. దాని బాగోగులు చూసేవారికి దశబంధం కింద భూమి ఇచ్చేవారు. తూము, మత్తడి కనిపెట్టుకుని ఉండే నీరటికి కల్లంలో గింజలు కొలిచేవారు. కట్ట తెగని ఏడాదీ కొలిచేవారు. అసలు ఆ గింజలు కొలిచేదే అందుకు.

ఇప్పుడు సోర్స్ కోడ్ ఓ పెన్‌డ్రైవ్‌లో, సేటు ఇనప బీరువాలో ఉంది. పాస్‌వర్డ్ రాసిన కవరూ అక్కడే. శాతాలు పట్టికలోకొచ్చాయి. 2025 సెప్టెంబరు 22న డ్రిప్పు, స్ప్రింక్లర్ సామాను మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు సేటు తనే కూర్చుని మార్చుకున్నాడు. చాయ్ చల్లారకముందే పని అయిపోయింది.

మొన్న మార్చిలో మళ్లీ అదే ప్రశ్న. "ఈ ఏడు ఏం ఖరాబు కాలే కదా?"

"అందుకే సేటూ" అని చెక్కుబుక్కు ఆయన ముందు పెట్టాను.