నలుగురూ వైద్యులే

ఓడల శ్మశానంలో సైరెన్ ఎదురుపడుతుంది. ఫైనల్ ఫాంటసీ 5 ఆడినవాళ్లకు ఈ ఘట్టం గుర్తుండే ఉంటుంది. గాలి స్ఫటికం పగిలింది, మొదటి ఆరు జాబ్‌లు (పాత్రలు చేపట్టే వృత్తులు) చేతికొచ్చాయి, ఆట ఇంకా తొలి అంకంలోనే ఉంది. మామూలుగా ఆడేవాళ్లు ఇక్కడికి ఒక నైట్, ఒక మాంక్, ఒక బ్లాక్ మేజ్, గాయాలు మాన్పడానికి ఒక వైట్ మేజ్‌తో వస్తారు. కొట్టేవాళ్లు కొడతారు, మాన్పేవాడు మాన్పుతాడు, పని అయిపోతుంది. అదే నలుగురూ వైట్ మేజ్‌లే అయితే? వాళ్ల కర్ర దెబ్బకు పెద్దగా బలం లేదు, మంత్రాలేమో గాయం మాన్పేవి. కానీ సైరెన్‌కు రెండు రూపాలు. మధ్యమధ్య శవరూపం దాలుస్తుంది. ఈ ఆటలో చచ్చి లేచినవాటికి మందే విషం. ఆ క్షణం కనిపెట్టి నలుగురు వైద్యులూ ఆమెకు వైద్యం మొదలుపెడితే కుప్పకూలుతుంది.

ఆ సూత్రం ఆటలో మొదటి నుంచీ ఉంది. ఎవరూ దాచలేదు. కత్తి ఉన్నవాడికి దాని అవసరం పడదు, అంతే.

ఒకసారి పూర్తిచేసిన ఆటను మళ్లీ మొదలుపెట్టి, ఆట పెట్టని నియమం ఒకటి తనకు తాను పెట్టుకుని చివరిదాకా వెళ్లడాన్ని ఆడేవాళ్లు ఛాలెంజ్ రన్ అంటారు. ఫలానా క్లాస్ (జాబ్ లాంటిదే) తప్ప ఇంకోటి ముట్టను, ఒక్కడితోనే నడిపిస్తాను, కత్తి పట్టను, ఇలా ఎన్నో రకాలు. క్లాస్ అన్నదే అసలు ఒక నిషేధంగా పుట్టింది. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అచ్చువేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో క్లాస్‌లు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. ఆ క్లెరిక్ పదునున్న ఆయుధం పట్టకూడదు. ఎవరు ఏం చేయగలరన్నదానితో పాటు ఎవరు ఏం చేయకూడదన్నదీ అప్పుడే పుస్తకంలోకి ఎక్కింది. 1987లో వచ్చిన మొదటి ఫైనల్ ఫాంటసీలో ఆరు క్లాస్‌లు, నాలుగు స్థానాలు. ఒకే క్లాస్‌ను ఎన్నిసార్లైనా పెట్టుకోవచ్చు కాబట్టి 126 రకాల పార్టీలు సాధ్యం. తయారుచేసినవాళ్లు ఆ లెక్క వేశారో లేదో గాని, నలుగురు వైట్ మేజ్‌ల పార్టీ కూడా ఆ 126లో ఒకటి. ఆట దాన్ని అడ్డుకోదు. ఎవరో ఒకరు ఆడిచూడకుండా ఎలా ఉంటారు?

1992 డిసెంబరులో సూపర్ ఫామికామ్ మీద వచ్చిన అయిదో భాగం ఈ సరదాకు కోటలాంటిది. పోరాటాల రూపకల్పన హిరోయుకి ఇటోది. మొదటి రూపంలో ఫ్రీలాన్సర్ కాక 21 జాబ్‌లు. గాలి స్ఫటికం ఆరింటిని, నీరు అయిదింటిని, నిప్పు అయిదింటిని, నేల నాలుగింటిని ఇస్తాయి. మైమ్ అనేది వేరుగా దొరుకుతుంది. కథ ఎక్కడున్నా జాబ్ మార్చుకోవచ్చు, ఒక జాబ్‌లో నేర్చిన విద్యను ఇంకో జాబ్‌లోకి తెచ్చుకోవచ్చు. ఇంత స్వేచ్ఛ ఇచ్చేసరికి ఏమవుతుంది? అందరూ బలమైన నాలుగైదు జాబ్‌ల చుట్టూనే తిరుగుతారు. డాన్సర్‌ను, జియోమాన్సర్‌ను ఒకసారి చూసి వదిలేస్తారు. నేనూ మొదటిసారి అలాగే ఆడాను. తప్పేం లేదు.

దీనికి విరుగుడుగా 2009 నుంచి ఏటా వేసవిలో ఫోర్ జాబ్ ఫియెస్టా నడుస్తోంది. దానిలో ప్రతి స్ఫటికం నుంచి ఒక్క జాబ్, అదీ లాటరీలో వచ్చిందే. గాలి దగ్గర ఏది తగిలితే నలుగురూ అదే. నీరు వచ్చాక రెండోది చేరుతుంది. చివరికి నలుగురికి నాలుగు. ఆరు, అయిదు, అయిదు, నాలుగు హెచ్చిస్తే 600 రకాల ప్రయాణాలు. పనిలో పనిగా విరాళాలు కూడా పోగుచేస్తారు. 600లో కొన్ని హాయి, కొన్ని నరకం. కెమిస్ట్ తగిలినవాడికి మందులు కలిపే విద్యతో చివరి బాస్ కూడా పెద్ద లెక్క కాదు. బెర్సెర్కర్ తగిలినవాడి పాట్లు వేరు. ఆ జాబ్ మన మాట వినదు. యుద్ధం మొదలయ్యాక తనకు తోచినవాణ్ని తను గొడ్డలితో కొట్టుకుంటూ పోతుంది, మనం చూస్తూ కూర్చోవాలి.

తెలుగు చదువుకున్నవాడికి ఈ పద్ధతిలో పరిచయమైన ముఖం ఒకటి కనపడుతుంది. అవధానంలో నిషిద్ధాక్షరి ఉంది. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత రాబోయేది ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. దత్తపదిలో నాలుగు పదాలిచ్చి, వాటికి పొంతన లేని విషయం మీద పద్యం అడుగుతాడు. కత్తి పట్టనని ఒట్టు పెట్టుకోవడం నిషిద్ధాక్షరి వంటిది. ఫియెస్టా లాటరీ అచ్చంగా దత్తపది: థీఫ్, బెర్సెర్కర్, బీస్ట్‌మాస్టర్, డాన్సర్, కానివ్వండి! ఒట్టుకూ లాటరీకీ తేడా కూడా ఉంది. నియమం మనమే పెట్టుకుంటే తెలియకుండానే మనకు వీలైనదే పెట్టుకుంటాం. ఎదుటివాడు ఇస్తే ఆ వెసులుబాటు ఉండదు. అందుకే నా ఓటు లాటరీకి.

కావ్యాల్లోకి వెళితే ఇంకా దగ్గరి చుట్టాలు. కుతుబ్‌షాహీల కాలంలో పొన్నికంటి తెలగన సంస్కృతం ముట్టనని అచ్చతెనుగులో యయాతి చరిత్ర రాశాడు. మరింగంటి సింగరాచార్యులు అందరికీ తెలిసిన రామకథనే తీసుకుని, పెదవులు కలిస్తేగాని పలకని అక్షరాలు వాడనని నిరోష్ఠ్యంగా చెప్పాడు. మకారం లేకపోతే రాముడి పేరు ఎలా పలుకుతారు? కావ్యం పేరే జవాబు: దశరథరాజనందన చరిత్ర. కథానాయకుడి పేరు నోట రాకూడని రామాయణం! ఛాలెంజ్ రన్ ఆడేవాళ్లకు ఇంతకంటే పెద్ద గురువు దొరకడు.

ఇక నా ఆట సంగతి. నేనుండేది సూరత్ పక్కన సచిన్‌లో. ఒకప్పుడు సిద్దీ నవాబుల చిన్న సంస్థానం. 1791లో జంజీరా మీద హక్కు వదులుకున్నందుకు బదులుగా వాళ్లకు దక్కిన ఊళ్లివి (వాళ్లకూ లాటరీలో తగిలిన జాబే అనుకోవచ్చు). ఇప్పుడు జీఐడీసీ పారిశ్రామికవాడ, బట్టల మిల్లులు, పన్నెండేసి గంటల షిఫ్టులు. సూరత్ తెలుగువాళ్లంటే ముందు గుర్తొచ్చేది లింబాయత్, ఉధనాల పద్మశాలి కుటుంబాలే. మాలాంటి కొందరం ఇటువైపు ఉన్నాం. 2021 నవంబరులో ఈ ఆట పిక్సెల్ రీమాస్టర్‌గా ఫోన్‌లోకి వచ్చాక, షిఫ్టుకూ నిద్రకూ మధ్య దొరికే ముప్పావు గంటలో ఒక గుహ, ఒక బాస్ అన్నట్టు ఆడుకోవచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకునే వీలుంది. నా గదిలో ఉండే సిరిసిల్ల తమ్ముడు ఒకరోజు నా భుజం మీంచి చూసి, "గదేందన్నా, ఇరవై రకాలు పెట్టుకొని ఒక్కదానితోటే కొట్లాడుడేంది?" అన్నాడు. సబబైన ప్రశ్నే. జవాబు నోటితో చెప్పే కంటే ఆట చూపించడం తేలిక.

చూపించింది నీలి మంత్రం. బ్లూ మేజ్ మంత్రాలు అంగట్లో కొనడు. శత్రువు తన మీద వేసిన దెబ్బనే విద్యగా నేర్చుకుంటాడు. అందులో లెవెల్ 5 డెత్ అని ఒకటుంది. ఎదుటివాడి లెవెల్ అయిదుతో భాగించబడితే అక్కడికక్కడే చస్తాడు, లేకపోతే ఏమీ కాదు. మామూలు ఆటలో అదో వింత, ఒకసారి నవ్వుకుని వదిలేస్తాం. చేతిలో బ్లూ మేజ్ తప్ప దిక్కులేనప్పుడు మాత్రం ప్రతి శత్రువు లెవెల్ ఎంతో కాగితం మీద రాసుకోవడం మొదలవుతుంది. శత్రువు లెవెల్‌ను సగం చేసే ఇంకో నీలి మంత్రం కూడా ఉందని అప్పుడు గుర్తొస్తుంది. సగం చేస్తే అయిదో ఎక్కం కుదురుతుందా? కుదిరితే భయపడాల్సిన రాక్షసి ఒక్క దెబ్బకు పోతుంది. తమ్ముడు ఆ రోజు ఎక్కాలు వల్లెవేశాడు.

ఇటువంటి పక్కదారులు ఈ ఆటలో చాలా ఉన్నాయి. మాయదండాన్ని ఆయుధంగా కాకుండా వస్తువుగా వాడితే అది విరిగిపోతూ పెద్ద మంత్రం ఒకటి కురిపిస్తుంది. పార్టీలో మంత్రగాడు లేనివాళ్లు దండాలు కొని మూటకట్టుకుని బాస్ దగ్గరికి వెళతారు. బీస్ట్‌మాస్టర్ ఒక జంతువును నీరసపరిచి పట్టుకుని, అవసరమైన యుద్ధంలో వదులుతాడు. ఏ అడవిలో ఏ జంతువు తిరుగుతుందో అప్పుడు పాఠంలా చదవాల్సిందే. బార్డ్ పాటల్లో ఒకటి చచ్చి లేచినవాటినే కొడుతుంది. బలంగా ఉన్నవాడు ఇవన్నీ దాటుకుంటూ వెళ్లిపోతాడు. 1992లో ఎవరో కూర్చుని ఈ దారులన్నీ వేశారని, వేసి ఊరుకున్నారని, కాళ్లకు బంధం పడితేగాని తెలియదు.

నియమాలన్నీ మంచివి కావు. "కవచం వేసుకోను" అంటే సాధారణంగా జరిగేది ఒకటే: గంటల తరబడి చిన్న రాక్షసుల్ని కొట్టి లెవెల్ పెంచుకుని, కవచం లేని లోటు అలా పూడ్చుకోవడం. ఆడేవాళ్లు గ్రైండింగ్ అనే ఆ పని ఏ నియమాన్నైనా చప్పగా చేసేస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు నిషేధంతో పాటు లెవెల్ మీద కూడా ఒక కట్టు పెట్టుకుంటారు. నా లెక్కలో మంచి నియమం గుర్తు ఇది: దానివల్ల తర్వాతి యుద్ధంలో ఏం చేయాలన్నది మారాలి. ఎంతసేపు చేయాలన్నది మాత్రమే మారితే ఆ నియమం దండగ.

2010లో నిక్ ఫ్రాంకో పోకెమాన్ రూబీ ఆడుతూ పెట్టుకున్న రెండు నియమాలు ఈ పరీక్షకు చక్కగా నిలుస్తాయి. ప్రతి ప్రాంతంలో మొదట ఎదురైన పోకెమాన్‌నే పట్టాలి. స్పృహ తప్పితే అది చచ్చినట్టే. ఆ ప్రయాణాన్ని అతను కామిక్‌గా గీశాడు, పద్ధతికి నజ్‌లాక్ అని పేరొచ్చింది. పిల్లల ఆట అనుకున్నదానిలో ప్రతి అడుగూ గుండె పట్టుకుని వేసేలా చేసింది ఆ రెండో నియమం. ఆట కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు.

చాటుగా తప్పితే ఎవరు అడుగుతారు? ఎవరూ అడగరు. పృచ్ఛకుడు లేని అవధానం ఇది. క్విక్ సేవ్‌ను షిఫ్టు సైరన్ మోగినప్పుడే వాడాలి, బాస్ చేతిలో చచ్చినప్పుడు వెనక్కి రావడానికి వాడకూడదు అని నాకో కట్టుబాటు ఉంది. అయితే కుదరని నియమాలను రెండో గుహ దగ్గరే సవరించుకోవడంలో నాకు సిగ్గేమీ కనపడదు. చాలామంది ముందే కాగితం మీద రాసుకుంటారు: వస్తువులు వాడవచ్చా, దండాలు విరవవచ్చా, మైమ్‌ను ముట్టవచ్చా. రాసిపెట్టుకుంటే అర్ధరాత్రి మన తెలివి మనల్నే మోసం చేయడం కొంచెం కష్టమవుతుంది.

కొత్తవాళ్లకు చెప్పేది తక్కువే. మొదటిసారి ఏ కట్టూ లేకుండా ఆడండి, అన్ని జాబ్‌లూ తిప్పి చూడండి, కథకు కంటతడి పెట్టాల్సినచోట పెట్టండి. దారి తెలియనివాడు నియమం పెట్టుకుంటే అది నియమమో ఆట కష్టమో తేల్చుకోలేడు. రెండోసారి గాలి స్ఫటికం పగిలినప్పుడు పాచిక వేయండి. ముఖాలు ఆరే, జాబ్‌లూ ఆరే: నైట్, మాంక్, థీఫ్, వైట్ మేజ్, బ్లాక్ మేజ్, బ్లూ మేజ్. మా తమ్ముడికి థీఫ్ పడింది. సైరెన్ దగ్గర ఇంకా ఆగి ఉన్నాడు.