ఇచ్చినవారి లెక్క

ఆఫ్గనిస్తాను దేశమును తిరిగి కట్టుటకు అమెరికా ప్రభుత్వము 20 సంవత్సరములు చేసిన సహాయమునుగూర్చి, దాని తనిఖీ అధికారి జాన్ సాప్కో 2021 ఆగస్టులో ఒక నివేదిక ప్రచురించెను. మనము నేర్చుకొనవలసినది ఏమి అనునదే దాని పేరు. కాబూలు తాలిబానుల వశమైన దినములలోనే అది వెలువడెను. యుద్ధపీడితుల కొరకు కానుక పట్టు సంఘములవారు దీనిని తెలిసికొనుట మంచిది.

వ్యయమైన సొమ్ము 14,500 కోట్ల డాలర్లు. ఆ లెక్క చెప్పుటలో సాప్కోగారు ఎవరి మొగమోటమును చూడలేదు. పని నిలుచునా అని గాక, సొమ్ము త్వరగా ఖర్చాయెనా అని పైవారు అడుగుచుండిరట. కాబూలు దగ్గర తారాఖిల్ విద్యుత్కేంద్రమును చూడుడి. 33 కోట్ల 50 లక్షల డాలర్లతో కట్టిరి. అది డీజిలుతో నడుచును. పొరుగుదేశపు విద్యుత్తు అంతకంటె చవుక. కాబట్టి అది చాలవరకు ఊరకనే యుండెను. బీదవానికి ఏనుగును దానమిచ్చినట్లున్నది! అయినను అయిదేండ్లలోపు బిడ్డల మరణములు సగమునకుపైగా తగ్గెనని కూడ నివేదిక ఒప్పుకొనుచున్నది.

నా అభ్యంతరము ఆ పేరులోని "మనము" అను మాటమీద. అది ఇచ్చినవారే, పుచ్చుకొనినవారు అందులో లేరు. 2003లో మొదలైన జాతీయ సంఘీభావ కార్యక్రమములో గ్రామస్థులు తామే సభను ఎన్నుకొని, బావి కావలెనో బాట కావలెనో తామే నిర్ణయించిరి. పరిశోధకులు 500 గ్రామములను పోల్చి చూడగా త్రాగునీరు, విద్యుత్తు మెరుగుపడెను. బాటలు, కాలువల విషయములో అంత మేలు కనబడలేదు. ఆ కొరతయు చెప్పవలసినదే. గాని అక్కడ అడిగినది ఊరివారిని.

కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయము తెరచి చూడుడి. యెరూషలేము బీదల కానుక విషయములో నింద రాకుండ పౌలు నమ్మకమైన మనుష్యులను తోడు పంపెను. అదే అధ్యాయములో ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని సమానత కోరెను. మొదటిది ఈ నివేదికలో నిండుగా ఉన్నది, రెండవది లేదు.

అట్టి దేశమునకు ఇక ఏమియు పంపవద్దనువారున్నారు. పస్తున్న బిడ్డ ఏ పాలకుని ఎన్నుకొనెను? అయితే 2022 డిసెంబరులో తాలిబానులు స్త్రీలు సహాయసంస్థలలో పనిచేయరాదని ఆజ్ఞాపించిరి. పరపురుషుడు అడుగుపెట్టని ఇండ్లలోని విధవరాండ్ర అక్కరను కనుగొనుచుండినవారు ఆ స్త్రీలే. కానుక పంపుడి, దానితోకూడ, ఇప్పుడు ఆ గడప ఎవరు దాటుచున్నారని అడుగుచు ఆ సంస్థవారికి ఒక ఉత్తరము వ్రాయుడి.